నీళ్లు లాగిన పదో రోజు నుంచి బయటపడే నష్టం గురించి

మీ ప్రశ్న మిగతావాళ్లకు కూడా తెలిసేలా ఒకసారి చెప్పుకుంటాను. మీరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. మీ మేనమామ గారి కుటుంబం కోనసీమ లంకల్లో, అంటే గోదావరి పాయల నడుమ ఉండే దీవుల్లో ఉంటుంది. 2022 జూలైలో గోదావరి వరదను నాలుగు రోజులు టీవీలో చూశారు, ఆ తర్వాత ఎవరూ దాని ఊసెత్తలేదు. మీ మామయ్య మాత్రం "ఆ వరద దెబ్బ నుంచి ఇంకా కోలుకోలేదురా" అంటూనే ఉన్నారు. వారంలో తీసేసిన వరదకు ఏళ్ల తరబడి దెబ్బ ఎలా ఉంటుంది, అది ఎవరికి ఎక్కువ తగులుతుంది, మళ్లీ వరద వస్తే మీ మిత్రులందరూ పోగేసే డబ్బు దేనికి పెట్టాలి అని అడిగారు.

మీ మామయ్య గారు ఎక్కువ చేసి చెప్పడం లేదండి. లంక ఊరు పెద్ద వరద నుంచి తేరుకోవడానికి నా లెక్కలో రెండు మూడేళ్లు పడుతుంది. నష్టంలో పెద్ద భాగం నీళ్లు లాగిన వారం పది రోజులకు మొదలై, నెలల తరబడి ఒక్కొక్కటిగా బయటపడుతుంది. పరామర్శలు, సాయాలు, నష్టం లెక్కలు మాత్రం ఆ మొదటి పది రోజుల్లోనే ముగిసిపోతాయి. ఈ రెంటి మధ్య ఖాళీలో పడిపోయేది ముందు కౌలు రైతు, తర్వాత కూలి మనిషి. అందుకే మీ డబ్బు మొదటి వారంలో పంపొద్దు, నెల దాటాక పంపండి. ఎందుకో వివరంగా చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

నేను పుట్టింది లంకలోనే. 1986 వరదప్పుడు నాకు 23 ఏళ్లు, నాన్నతో కలిసి అరటి సాగు చేస్తున్నాను. తర్వాత రెవెన్యూలో గ్రామ స్థాయి ఉద్యోగంలో చేరి, ముప్పై ఏళ్లకు పైగా లంక గ్రామాల్లోనే తిరిగి, ఈమధ్యే రిటైరయ్యాను. వరద వస్తే జనాన్ని గట్టు మీదికి చేర్చడం, తగ్గాక నష్టం జాబితా రాయడం నా పని. అంటే రైతుగా నష్టపోయినవాడినీ నేనే, కలం పట్టుకుని నష్టం రాసినవాడినీ నేనే.

ముందు నీటి సంగతి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జూలై 16న అక్కడ 71.3 అడుగులు వచ్చింది. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు, ఇప్పటికీ అదే రికార్డు. అక్కడి నీరు ధవళేశ్వరం బ్యారేజీ చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీటికి) మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022లో సుమారు 25.8 లక్షల క్యూసెక్కులు కిందికి వెళ్లాయి. బ్యారేజీకి ఉన్న 175 గేట్లూ పైకెత్తేశాక ఇక పట్టి ఆపేది ఏమీ ఉండదు. కింద గౌతమి, వశిష్ట, వైనతేయ పాయల నడుమ మా లంకలు.

టీవీ వాళ్లు ఎన్ని అడుగులో చెబుతారు. మాకు కావలసింది ఎన్ని రోజులన్నది. 2022 జూలై 13న పౌర్ణమి. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం పోటు మీద ఉంటుంది కాబట్టి వరద నీటిని తొందరగా తీసుకోదు. ఆ సమయానికే పెద్ద వరద దిగితే నీరు లంకల్లో నిలబడిపోతుంది. ఆ నిలబడిన రోజుల సంఖ్యే తర్వాతి రెండేళ్లను నిర్ణయిస్తుంది.

అరటి చెట్టు సంగతి ముందు అర్థం చేసుకోండి, మిగతాదంతా అర్థమవుతుంది. అరటి రెండు మూడు రోజులు నీళ్లలో ఉంటే ఓర్చుకుంటుంది. అంతకు మించితే వేరుకు గాలి ఆడక లోపల కుళ్లు మొదలవుతుంది. అయితే పైకి ఏమీ తెలియదు. 1986లో నీళ్లు లాగిన మర్నాడు నాన్నా నేనూ మోకాలి లోతు బురదలో తోటలోకి వెళ్లాం. ఆకులు పచ్చగానే ఉన్నాయి. గెలలు వేలాడుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న ఏమీ మాట్లాడకుండా ఒక చెట్టు మొదట్లో కత్తి గుచ్చి, బయటికి తీసి, దాన్ని పట్టిన నీటిని బొటనవేలితో తుడిచి వాసన చూశారు. ఆ నీరు టీ రంగులో ఉంది. పులిసిన కుడితి వాసన. ఇంకో చెట్టుకు గుచ్చారు, ఇంకో చెట్టుకు గుచ్చారు. "మొత్తం పోయిందిరా" అని గట్టు మీద కూర్చున్నారు. అప్పటికి తోటలో ఒక్క ఆకు కూడా వాడలేదు. నాలుగో రోజు ఎండ గట్టిగా కాసింది. ఎనిమిదో రోజుకల్లా చెట్లు నడుము దగ్గర విరిగి వరసలు వరసలుగా పడిపోయాయి.

ఇప్పుడు ఇదే తోటకు నష్టం రాయడానికి ఒక ఉద్యోగి ఐదో రోజున వచ్చాడనుకోండి. అతనికి ఏం కనిపిస్తుంది? పచ్చని తోట. పంట 33 శాతం గానీ అంతకు మించి గానీ పోతేనే పెట్టుబడి రాయితీ (పంట పోయిన రైతుకు ప్రభుత్వం ఇచ్చే సాయం) ఇవ్వాలన్నది నిబంధన. ఐదో రోజున చూసినవాడు ఆ తోటకు 33 శాతం రాయలేడు. పదిహేనో రోజున వచ్చినవాడు నూరు శాతం రాస్తాడు. తోట అదే, రైతు అతనే.

ఇది నా చేతి మీదుగా కూడా జరిగింది. 2022లో పై నుంచి జాబితా త్వరగా పంపమని ఒత్తిడి ఉంది. రోజుకు రెండు లంకలు తిరుగుతున్నాను. ఒక కౌలు రైతు తోట చూసి "నిలబడుతుందిలే" అనుకుని రాయలేదు. నాన్న కత్తి గుచ్చి చూపించిన మనిషిని నేను, ఆ రోజు తొందరలో కత్తి గుచ్చలేదు. రెండు వారాలకు తోట పడిపోయింది. జాబితా అప్పటికే వెళ్లిపోయింది. అతని పేరు చేర్చడానికి నేను ఎక్కని మెట్లు లేవు, పేరు చేరలేదు. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పటికీ ఆ గట్టు మీద ఎదురుపడితే "బాగున్నారా అండీ" అని పలకరిస్తాడు. అందుకే ఎవరు అడిగినా ఒకటే చెబుతాను: అరటికి మొదటి జాబితాతో సరిపెట్టకుండా పదిహేనో రోజున రెండోసారి చూసి రాయాలి. మీ మామయ్య గారి ఊరి గ్రామసభలో ఈ మాట పట్టుబట్టి అడగమనండి. సామాజిక తనిఖీకి జాబితా గోడకు పెట్టినప్పుడు అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి, నోటిమాట నిలవదు.

కౌలు రైతు సంగతి ఎందుకు పదే పదే ఎత్తుతున్నానంటే, లంకల్లో సాగు చేసేవాళ్లలో చాలామంది సొంతదారులు కారు. సొంతదారు అమలాపురంలోనో, కాకినాడలోనో, హైదరాబాదులోనో ఉంటాడు. మక్తా, అంటే కౌలు సొమ్ము, ముందే కట్టించుకుంటాడు. వరద వచ్చిందని మక్తా తిరిగి ఇచ్చినవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు, వాళ్లకు దండం పెట్టాలి. కానీ అది వాళ్ల మంచితనం, కౌలుదారు హక్కు కాదు. 2019లో పంట సాగుదారు హక్కు పత్రం చట్టం వచ్చింది. ఆ పత్రం ఉంటే కౌలుదారు పేరునే రాయితీ రాస్తారు. కానీ దానికి సొంతదారు సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని చాలామందికి భయం. చట్టంలో అలాంటిది ఏమీ లేదు, పత్రానికి పదకొండు నెలలే గడువు, అని నేను ఎన్ని అరుగుల మీద కూర్చుని చెప్పి ఉంటానో. మీలో ఎవరికైనా లంకల్లో భూమి ఉండి కౌలుకు ఇచ్చి ఉంటే, దయచేసి ఆ సంతకం పెట్టండి. మీరు పోగేసే విరాళం కన్నా ఆ ఒక్క సంతకం వల్ల ఎక్కువ మేలు జరుగుతుంది. ప్రభుత్వం పంటల వివరాలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో కూడా సాగుదారు పేరే ఎక్కించమని చెప్పండి.

రాయితీ వచ్చినా ఎంత? కేంద్రం విపత్తు సహాయ నిబంధనలు 2022-26 కాలానికి నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధారానికి 8,500, బహువార్షిక పంటలకు 22,500 అని పెట్టాయి. అది కూడా రెండు హెక్టార్ల వరకే. 17,000 అంటే ఎకరాకు 6,900 లోపు. రాష్ట్రం కొంత కలపొచ్చు. కానీ అరటి ఎకరం నిలబెట్టడానికి పిలకలు, ఎరువు, గెల వేశాక ఊతగా కట్టే వెదుళ్లు, కూలి కలిపితే అయ్యే ఖర్చు ముందు అది చేతిఖర్చు కిందికే వస్తుంది. పైగా పడిపోయిన బోదెలు (అరటి కాండాలు) నరికి బయటికి ఈడ్చడానికే కూలి అవుతుంది. దాన్ని ఎవరూ నష్టం కింద రాయరు. మళ్లీ పిలక నాటితే గెల రావడానికి పదకొండు పన్నెండు నెలలు. అంటే ఒక వరద తినేది రెండు ఏళ్ల రాబడి: పోయిన పంట ఒకటి, ఎదురుచూసే పంట ఒకటి. ఆ మధ్య కాలం ఇల్లు గడిచేది బంగారం కుదువ పెట్టి, రావులపాలెం అరటి వ్యాపారి దగ్గర ముందు సొమ్ము తీసుకుని. ముందు సొమ్ము తీసుకున్నాక గెల ధర ఎవరు చెబుతారో మీకు తెలుసు.

2022లో ఇంకో కష్టం కూడా వచ్చింది. జూలైలో అంత పెద్ద వరద మా వైపు అరుదు, మామూలుగా ఆగస్టు నెల మాకు గండం. జూలై వరద పోయింది కదా, ఇక గండం గడిచింది అనుకుని చాలామంది అప్పు తెచ్చి వెంటనే కూరగాయలు, కొందరు అరటి పిలకలు నాటారు. ఆగస్టులో మళ్లీ వరద వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదే. వార్తల్లో రెండోది చిన్న వరదే. ఊళ్లో మాత్రం అప్పు తెచ్చి నాటినవాడిని కూల్చింది ఆ రెండోదే. నేను చూసినంతలో వలస పోయిన కుటుంబాల్లో ఎక్కువమంది ఈ రెండో దెబ్బ తిన్నవాళ్లే. భార్యాభర్తలిద్దరూ హైదరాబాదు అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పనికి వెళ్లిపోయారు, పిల్లలు అమ్మమ్మ దగ్గర.

కొబ్బరి గురించి అందరూ "దానికేం, వరదకు నిలబడుతుంది" అంటారు. నిలబడుతుంది నిజమే. కానీ కొబ్బరి పూత నుంచి ముదురు కాయ దాకా దాదాపు ఏడాది పడుతుంది. వరద సమయంలో పూతా పిందే రాలిపోతే, ఆ తక్కువ కాయ వచ్చే ఏడాది దింపులో కనిపిస్తుంది. అంబాజీపేట మార్కెట్టుకు తక్కువ కాయ వేసే నాటికి అది వరద నష్టమని ఎవరికీ గుర్తుండదు. చెట్టు పడితేనే నష్టం రాస్తారు, కాపు తగ్గితే రాయరు.

ఇంటి విషయం. దీనికి ఒక పని మీ మామయ్య గారికి తెలిసే ఉంటుంది, అయినా రాస్తాను, మిగతావాళ్లకు పనికొస్తుంది. నీళ్లు పూర్తిగా పోయాక ఇల్లు కడుగుదామని ఆగకూడదు. గదిలో ఇంకా చీలమండ లోతు నీరు ఉండగానే, ఆ నీటితోనే బురదను చీపుళ్లతో, తట్టలతో బయటికి తోసెయ్యాలి. నీరు దిగేకొద్దీ తోస్తూనే ఉండాలి. ఒక్క రోజు ఆలస్యమైతే ఆ ఒండ్రు జానెడు మందాన ఎండి, పార పెట్టినా ఊడదు. మా అమ్మ అర్ధరాత్రి లాంతరు పట్టుకుని, నీరు గడప దిగుతోందని అందర్నీ లేపేది. "ఇప్పుడు లేవకపోతే పది రోజులు తవ్వుతారు" అనేది. శిబిరాలకు తరలించినవాళ్లకు వచ్చే ఇబ్బంది ఇదే. నీరు దిగే ఆ కొద్ది గంటల్లో వాళ్లు ఇంట్లో ఉండరు. తిరిగొచ్చేసరికి మంచం, బీరువా, గ్రైండరు అన్నీ బురదలో అతుక్కుని ఉంటాయి. అందుకని ప్రాణభయం లేని స్థితికి రాగానే ఇంటికి ఒక్కరినైనా పడవలో తిరిగి పంపడం మేలని నా అనుభవం. అధికారులు ఒప్పుకోరు, వాళ్ల భయం వాళ్లది. కరెంటు తీసి ఉందని ఖాయం చేసుకుని, పాముల గురించి జాగ్రత్త పడి చెయ్యాల్సిన పని ఇది. వరదకు కొట్టుకొచ్చిన పాములు అటక మీద, గడ్డిలో, చెప్పుల్లో కూడా ఉంటాయి.

పశువులు. "శిబిరానికి రమ్మంటే రారు, మొండివాళ్లు" అని లంక జనం మీద ఒక మాట ఉంది. అది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. గేదెను ఎక్కడ పెట్టి రమ్మంటారు? పడవలో మనుషులను ఎక్కిస్తారు, గేదెను ఎక్కించరు. పాలిచ్చే గేదె పోతే ఆ 2022-26 నిబంధనల్లో ప్రభుత్వ పరిహారం 37,500 రూపాయలు, అదీ పోస్టుమార్టం చేయించి చూపిస్తే. కొట్టుకుపోయిన గేదెకు పోస్టుమార్టం ఎక్కడ చేయిస్తారు? గేదెను ముందే ఏటిగట్టు మీదికి తోలి కట్టేసినవాళ్లకు తర్వాత వచ్చే కష్టం మేత. గడ్డివాము నానిపోయి ఉంటుంది, పచ్చగడ్డి బురద పట్టి ఉంటుంది. ఆ బురద గడ్డి తిని పొట్ట ఉబ్బి, పారుడు పట్టి రెండు మూడు వారాలకు చనిపోయే పశువులు ఉంటాయి. అవి కూడా వరద మృతుల్లోకి రావు.

నీళ్లూ జ్వరాలూ అంతే. బావి కలుషితమైందని అందరికీ తెలుసు, బ్లీచింగ్ కూడా ఒకసారి చల్లుతారు. ఒకసారి చల్లితే చాలదు. బావి నీరు మొత్తం తోడి, అడుగు బురద ఎత్తి, ఊరిన నీటికి క్లోరిన్ వేయాలి. ఎలుకల జ్వరం (ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పిరోసిస్), కామెర్లు మూడో వారం నుంచి ఎక్కువవుతాయి, వైద్య శిబిరాలు మాత్రం అప్పటికే ఎత్తేసి ఉంటాయి. కాళ్లకు పగుళ్లతో బురదలో దిగి బోదెలు నరికే కూలివాళ్లకు ఎలుకల జ్వరం ఎక్కువ వస్తుంది. ఒక బూట్ల జత ఇస్తే కొంత ఆపొచ్చు. ఇది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు గారు ఒకరు చెప్పగా నేర్చుకున్న సంగతి.

కూలివాళ్ల సంగతి అసలు ఏ జాబితాలోనూ ఉండదు. తోట పోతే సొంతదారుకూ కౌలుదారుకూ ఏదో ఒక గడి ఉంది. ఆ తోటలో గెలలు మోసే మనిషికి, కొబ్బరి దింపే మనిషికి, దొండ పందిట్లో కాయ కోసే ఆడవాళ్లకు ఏ గడీ లేదు. తోట లేకపోతే ఏడాది పని లేదు. 2022లో ఆంధ్రలో శిబిరాలకు వచ్చిన కుటుంబాలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం, పప్పు, నూనె ఇచ్చారు. తెలంగాణలో భద్రాచలం వైపు కుటుంబానికి 10,000 ప్రకటించారు. ఆ మొత్తాలు చిన్నవా పెద్దవా అన్న వాదనలోకి నేను పోను. ఆ డబ్బు వరద రోజుల కోసం. వరద తర్వాత ఎనిమిది నెలల పని దినాలకు ఎవరూ ఏమీ అనుకోలేదు.

భద్రాచలం మాట వచ్చింది కాబట్టి నదికి ఎగువన ఉన్న ఏజెన్సీ (గిరిజన కొండ ప్రాంతం) గురించి కూడా రాయాలి. లంకల కన్నా అక్కడ దెబ్బ ఇంకా కఠినం. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఉధృతంగా ఉంటే శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి తన్ని చింతూరు దాకా ముంచుతుంది. కూనవరం, వరరామచంద్రపురం మండలాల్లో 2022లో జనం కొండలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. డ్యూటీ మీద సామాను తీసుకుని రెండుసార్లు వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు నీళ్లు లాగి మూడు వారాలైంది, అయినా సగం మంది కొండ దిగలేదు. దిగి ఎక్కడికి పోవాలి అన్నారు. ఆ ఊళ్లు పోలవరం ప్రాజెక్టు జలాశయం ముంపులోవి. జలాశయంలో నీరు 41.15 మీటర్ల మట్టానికి చేరితే మునిగేవారికి ముందు పునరావాసం, 45.72 మీటర్లకు చేరితే మునిగేవారికి తర్వాత అని విడదీశారు. తర్వాత జాబితాలో ఉన్నవాళ్ల ఇళ్లు కూడా ఆ వరదలో మునిగాయి. రేపు ఖాళీ చేయాల్సిన ఇంటికి ఇవాళ అప్పు చేసి గోడ కట్టుకోవాలా వద్దా? ఒక పెద్దాయన ఇదే ప్రశ్న నన్ను అడిగారు. ప్రభుత్వ ఉద్యోగిగా నా దగ్గర జవాబు ఉండాలి కదా, లేదు.

మా లంకలకు దానికి దగ్గరగా ఉండే కష్టం కోత. వరద తగ్గేటప్పుడు గట్టు అంచు కింద ఇసుక జారి, పైన కొబ్బరి చెట్లతో సహా నేల విరిగి పాయలో పడుతుంది. వరద పెరిగేటప్పటి కన్నా తగ్గేటప్పుడే ఎక్కువ కోసుకుపోతుంది. నానిన గట్టుకు అప్పటిదాకా ఒరుసుకుని ఉన్న నీటి ఆనుడు ఒక్కసారిగా పోతుంది కాబట్టి. రాత్రిపూట ఆ చప్పుడు వింటుంటే నిద్ర పట్టదండి, పెద్ద తలుపు విరిచినట్టు ఉంటుంది. పాసు పుస్తకంలో ఎకరం ఉంటుంది, నిలబడి చూస్తే గోదారి ఉంటుంది. ఏరు దారి మార్చి భూమి పోతే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 47,000 రూపాయలు ఇవ్వొచ్చని ఆ 2022-26 నిబంధనల్లో ఉంది. ఎకరం తోట పోయినవాడికి అది ఎంతవుతుందో లెక్క కట్టుకోండి. అటు అవతలి ఒడ్డున కొత్త మేట వేస్తుంది, అది ఎవరిదన్న తగాదా ఊళ్ల మధ్య ఏళ్ల తరబడి నడుస్తుంది.

ఇంత రాశాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. వరద అంటే మాకు పూర్తిగా శత్రువు కాదు. ఏటా వచ్చే ఎర్రనీరు తెచ్చే ఒండ్రు వల్లే లంక నేల అంత సారవంతం. మొదటి హెచ్చరిక దాకా వచ్చి రెండు రోజుల్లో తీసే వరద వస్తే మా నాన్న సంతోషించేవారు. పెద్ద వరద వచ్చినప్పుడు ఒండ్రుకు బదులు ఇసుక మేట వేస్తుంది. మూడు అంగుళాలకు మించి మేట వేస్తే తొలగించడానికి ఆ 2022-26 నిబంధనల్లోనే హెక్టారుకు 18,000 దాకా సాయం ఉంది, దరఖాస్తు పెట్టమని మీ మామయ్య గారితో చెప్పండి. ఇది చాలామందికి తెలియదు. ఫొటో తీసేటప్పుడు స్కేలు పక్కన పెట్టి తీయమనండి.

ఇక మీ డబ్బు సంగతి. మొదటి వారంలో బియ్యం, చీరలు, బ్రెడ్డు ప్యాకెట్లు రోడ్డు దగ్గరగా ఉన్న ఊళ్లకు లారీల కొద్దీ వస్తాయి. కాజ్‌వే (ఏటికి అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన దారి) మునిగి పడవ మీదే వెళ్లాల్సిన లంకకు రావు. మీరు ఆ వారంలో ఏదైనా చేసి తీరాలనుకుంటే పడవ ఇంజిన్‌కు డీజిల్ ఖర్చు, పశువులకు ఎండుగడ్డి, ఆడవాళ్లకు శానిటరీ ప్యాడ్లు పంపండి. ఈ మూడూ ఎవరూ పంపరు.

అసలు డబ్బు నెల దాటాక తీయండి. బావులు తోడే ఇంజిన్ అద్దె, బోదెలు నరికే కూలి ఊళ్లో కూలివాళ్లకే ఇవ్వండి, వాళ్లకు పని దొరుకుతుంది, కౌలుదారు తోట శుభ్రమవుతుంది, ఒకే రూపాయి రెండిళ్లకు పనికొస్తుంది. పిలకలు మాత్రం సెప్టెంబరు దాటాక కొనివ్వండి, ముందు ఇస్తే ఆగస్టు వరదకు పోతాయి. పిల్లల పుస్తకాలు, కాలేజీ ఫీజు చూడండి. బడులు శిబిరాలుగా మారి ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఆ సందులో ఇంటర్ చదివే ఆడపిల్ల చదువు ముందుగా ఆగుతుంది. నేను చూసిన ఇళ్లలో ఆగిన చదువు మళ్లీ మొదలైంది తక్కువే. ఒక ఊరినే పట్టుకుని రెండేళ్లు చెయ్యండి, పది ఊళ్లకు ఒక్కసారి ఇవ్వొద్దు. జాబితా సర్పంచ్ ఒక్కరి దగ్గరే తీసుకోకుండా, డ్వాక్రా సంఘం వాళ్లను కూర్చోబెట్టి రాయించండి. ఎవరింట్లో పుస్తెలు కుదువలో ఉన్నాయో వాళ్లకే తెలుస్తుంది.

వరద రాకముందు చెయ్యాల్సినది కూడా ఒకటుంది. ఆధార్, పాసు పుస్తకం, హక్కు పత్రం, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఫొటోలు తీసి మీ ఫోన్లో పెట్టుకోండి, అసళ్లు ప్లాస్టిక్ డబ్బాలో అటక మీద పెట్టించండి. తోటకు, ఇంటికి, పశువులకు జూన్‌లోనే తేదీతో ఫొటోలు తీయించండి. వరద ముందు ఫొటో లేక నష్టం నిరూపించుకోలేకపోయినవాళ్లను చాలామందిని చూశాను.

విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ముంచిన లాంటి వరదకు కూడా ఇవే పద్ధతులు పనికొస్తాయా అని కింద ఇంకొకరు అడిగారు. కొన్ని వస్తాయి, కాగితాల సంగతి మరీను. కానీ పట్నం వరదలో పోయేది ఇంటి సామాను, బండి, కుట్టుమిషను, తోపుడు బండి. అక్కడ మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000 చొప్పున ఇచ్చారు. పని మళ్లీ నెలలో దొరకొచ్చు. పొలం ఊళ్లో పని దొరకడానికి చెట్టు మళ్లీ పెరగాలి. రెంటినీ ఒకే కొలతతో చూడొద్దు.

మీ మామయ్య గారి ఊరు ఏ పాయ మీద ఉందో రాయలేదు. గౌతమి వైపు అయితే ముమ్మిడివరం, ఐ.పోలవరం పరిస్థితి వేరు, వైనతేయ మీద పి.గన్నవరం, మామిడికుదురు వైపు వేరు. నీరు ఎన్ని రోజులు నిలిచింది, సాగు సొంతమా కౌలా, పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది అన్న మూడు సంగతులు ఆయన్ని అడిగి ఇక్కడ రాయండి. హక్కు పత్రానికి దరఖాస్తు ఎలా పెట్టాలో, సొంతదారుతో ఆ మాట ఎలా కదపాలో చెబుతాను.